అట్టముక్క మీద మరక

నియూర్కా, ముందు ఆ సిగరెట్టు ఆర్పెయ్.
ఆర్పేసి, గుమ్మం అవతలే నిలబడి చెప్పు,
ఎప్పటినుంచి కారుతోంది?

మంగళవారం నుంచట.
కరెంటు పోయిన చీకట్లో
కంటికన్నా ముందు ముక్కుకు తెలిసిందట.
హిబారా బంకు దగ్గర రెండు రోజులు వరసలో కూర్చున్న మనిషికి
ఆ వాసన ఎలా ఉంటుందో నాకు తెలుసు,
పాలు పొంగి పొయ్యిపాలైనట్టు.

అరవై ఏడు నాటి జావా.
మీ అన్న ఎర్రరంగు వేయించాడు, ఎండ దాన్ని ఇటుకరంగు చేసింది.
అర్ధరాత్రి పురుళ్ళకు నిన్ను మోసే కాళ్ళు అవే.

కింద అట్టముక్క పరిచాను.
ట్యాప్ కట్టేసి, గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి
కాఫీ తాగినంతసేపు చూశాను.
కాఫీ అంటే సగం వేయించిన బఠాణీలే అనుకో.
సీసా పొడిగానే ఉంది. ట్యాప్ నిర్దోషి.

గొట్టం తగిలించి ట్యాప్ తిప్పాను.
గిన్నె పక్క సన్నగొట్టంలోంచి
ఒక బొట్టు. ఆగి, ఇంకో బొట్టు.
అతుకు దగ్గర కాదు, లోపల నిండి పొర్లుతోంది.
అంటే "చాలు" అనాల్సినవాడు నిద్రపోతున్నాడు.

కార్బురేటర్ కథంతా అదే నియూర్కా.
ఇత్తడి బుడ్డి తేలుతుంది, సూదిని పైకి తోస్తుంది,
సూది దారి మూస్తుంది.
చాలు అనడం, మళ్ళీ పొయ్యమనడం.

సూది మొనను గోటి మీద గీసి చూశాను, మెట్టు పడలేదు.
దాని గూట్లో ఒక ఇసుకరేణువు, సముద్రం పక్కన మామూలే.
ఊదాను. కడిగాను. బిగించాను.
బొట్టు.

"బిడ్డ అడ్డం తిరిగింది" అని నవ్వావు నువ్వు.

బుడ్డిని చెవి దగ్గర ఊపాను, కొబ్బరికాయను ఊపినట్టు.
లోపల చప్పుడు.
కొబ్బరికైతే మంచిదే.

పొయ్యి పెరటి చివర, నేను ఇక్కడ.
మోసుకొచ్చిన వేణ్ణీళ్ళలో బుడ్డిని ముంచాను.
సన్నటి బుడగల దండ బయల్దేరింది
పాత టంకం అంచు కిందినుంచి.

ఆ బుడ్డికి మూడు అతుకులు.
ఒకటి ఫ్యాక్టరీది, ఉందో లేదో తెలియదు.
రెండోది మా మేనమామ ఎవెలియోది,
పల్చగా, నాలుకతో రాసినట్టు.
మూడోది ముద్ద. నత్తగుల్లంత ముద్ద.
బుడగలు దాని కిందినుంచే.

"ఎవడు చేశాడీ పని?" అన్నావు.
నేను గుడ్డతో చేతులు తుడుచుకున్నాను, తుడుచుకున్నవే మళ్ళీ.

పదిహేనేళ్ళ కుర్రాడు. మామ ఊళ్ళో లేడు.
ఓల్గీన్‌లో ఎవరో పిల్ల ఎదురుచూస్తోందని
మీ అన్న గుమ్మంలో నిలబడలేకపోతున్నాడు.
కుర్రాడు కూలికి రెండు కోడిగుడ్లు తీసుకున్నాడు,
టంకం త్వరగా ఆరాలని నోటితో ఊదాడు.
ఊదకూడదు.
అయినా ఇరవై తొమ్మిదేళ్ళు పట్టుకుని ఉంది,
అదీ చెప్పాలి కదా.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
వేణ్ణీళ్ళు పట్టాయి.

"నాదే" అన్నాను.

నువ్వు ఏమీ అనలేదు. పాత టైరు మీద కూర్చుని
లైటర్ తీసి, గుర్తొచ్చి, జేబులో పెట్టేసుకున్నావు.

బుడ్డి ఒక పగలంతా ఎండలో పడుకుంది,
లోపలి ఆఖరి తడి కూడా పోవాలి,
తొందరపడితే చేతిలోనే పేలుతుంది.
తర్వాత ముద్ద కరిగించాను.
ఈసారి టంకం బియ్యపుగింజలో సగం. ఊదలేదు.
ఆ సగం గింజకే బుడ్డి బరువెక్కుతుంది,
లోతుగా తేలి, ఆలస్యంగా చాలంటుంది.
అందుకని సూదిని తోసే నాలుకను
వెంట్రుకవాసి పైకి వంచాను.

ఇదిగో, రాత్రంతా ట్యాప్ తెరిచే ఉంచాను.
అట్టముక్క చూడు. గిన్నె కింద పొడి.
ఇటుపక్క అరచెయ్యంత నల్లమరకా?
అది గేరుబాక్సు నూనె. దాన్ని నేను ముట్టుకోలేదు,
ఒట్టు.
వానలు తగ్గాక చూద్దాం.
ఒదాలిస్ కోడలికి నొప్పులొస్తున్నాయట,
కిక్కు కొట్టు.